దెబ్బ ముందా, కారణం ముందా

కుటుంబ సలహా కేంద్రంలో కొత్తగా చేరిన ఇద్దరు అమ్మాయిలు ఆ మధ్య మా ఇంటికి వచ్చారు. "మేడం, మీ అనుభవంలో మాకు పనికొచ్చేది ఏదైనా రాసివ్వండి" అన్నారు. ఏ ఫారం ఎవరికి పంపాలో, ఏ కేసు ఏ సెక్షన్ కిందకు వస్తుందో నేను రాయను. అవి నాలుగు నెలల్లో మీకే వస్తాయి. నేను రాసేది ఒకే విషయం. మగవాడు ఇంట్లో ఆడమనిషిని కొట్టినప్పుడు ఊరంతా కలిసి దానికొక కారణం చెబుతుంది. ఆ కారణాన్ని ఎలా తూచాలన్నదే ఈ పనిలో అన్నిటికంటే కష్టం. అది నాకు కాస్త తెలిసేసరికి ఉద్యోగం చివరికొచ్చింది.

నేను పనిచేసింది మార్కాపురంలో. గిద్దలూరు వైపు నుంచి, దర్శి, కురిచేడు వైపు నుంచి జనం వచ్చేవాళ్ళు. మా కేంద్రం రెండు గదుల అద్దె ఇల్లు. ముందు గదిలో భర్త తరఫు వాళ్ళను, వెనక గదిలో భార్య తరఫు వాళ్ళను కూర్చోబెట్టేవాళ్ళం. మధ్య తలుపు వేసినా మాటలు ఆగేవి కావు. ముందు గదిలో ఒక అబద్ధం పుడితే వెనక గదిలో నుంచి జవాబు వచ్చేది. సగం నిజాలు నేను అలాగే విన్నాను.

నాకు చిన్నప్పటి నుంచి డైరీ రాసే అలవాటు ఉంది. ఉద్యోగంలో చేరాక దానికి ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎడమ పేజీలో ఏం జరిగిందో రాసేదాన్ని. ఎవరు, ఎవరిని, ఎప్పుడు, దేనితో. కుడి పేజీలో ఎందుకు జరిగిందని ఎవరేమన్నారో రాసేదాన్ని. ఇప్పుడు ఆ డైరీలు తిరగేస్తే ఎడమ పేజీలన్నీ ఒకేలా ఉంటాయి. కట్టె, బెల్టు, చెయ్యి, కాలు. కుడి పేజీలు మాత్రం కాలాన్ని బట్టి మారుతూ వచ్చాయి. మొదట్లో అంతా సారా వల్లే అన్నారు. తర్వాత సినిమాల వల్ల అన్నారు. కొన్నాళ్ళు టీవీ సీరియళ్ళు చూసి ఆడవాళ్ళు పెడసరంగా తయారవుతున్నారని, అందుకే తన్నులు తింటున్నారని అన్నారు. నా చివరి ఏళ్ళలో సెల్లు వచ్చింది. సెల్లులో బూతు వీడియోలు. "పిల్లోడు బంగారం మేడం, ఆ బొమ్మలు చూసి చెడిపోయినాడు." ఈ మాట రాయని వారం లేదు.

ఆ వీడియోల వల్ల ఏ హానీ లేదని నేను అనడం లేదు. ఉంది. నేను చూశాను. కానీ హాని ఉందని చెప్పడానికి వాడే ప్రతి వాదమూ మంచి వాదం కాదు. వినడానికి బాగున్న వాదాన్నయితే ఇంకొంచెం అనుమానంతో చూడాలి.

మా ఆఫీసర్ గారి కథ

ఆ రోజుల్లో మా పైన ఒక ఆఫీసర్ గారు వచ్చారు. చేయి తడపనివ్వని మనిషి, పనిమంతుడు. సెల్లు వీడియోల మీద అవగాహన సభలు మొదలుపెట్టింది ఆయనే. కాలేజీల్లో, పల్లెల్లో, ఎక్కడ పదిమంది దొరికితే అక్కడ మాట్లాడేవారు. సభ చివర ఎప్పుడూ ఒక కథ చెప్పేవారు.

ఒక తల్లికి ఒక్కడే కొడుకు. చదువులో ఫస్టు. మేనమామ సెల్లు కొనిపెట్టాడు. పిల్లవాడు గది తలుపు వేసుకోవడం మొదలుపెట్టాడు. చదువు పోయింది, మాట మారింది, చూపు మారింది. ఒకరోజు పోలీసులు వచ్చి పక్కింటి పిల్లను ఏడిపించాడని పట్టుకుపోయారు. తల్లి స్టేషన్ మెట్ల మీద కూర్చుని, "వీడు నా కొడుకు కాదయ్యా, వీణ్ణి నేను కనలేదు" అంది. అక్కడ ఆయన ఆగి నీళ్ళు తాగేవారు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకు అద్దుకునేవాళ్ళు. మొదటిసారి విన్నప్పుడు నేనూ ఏడ్చాను.

మూడో సభలో మేనమామకు బదులు తండ్రి సెల్లు కొనిపెట్టాడు. ఆ తర్వాతి సభలో పక్కింటి పిల్ల బడి పిల్ల అయింది. తిరుగు ప్రయాణంలో జీపులో అడిగాను.

"సార్, ఆ అబ్బాయిది ఏ ఊరు?"

"ఎందుకమ్మా?"

"ఆ తల్లిని ఒకసారి చూసొద్దామని."

ఆయన నవ్వారు. "నాలుగైదు కేసులు కలిపి చెప్పానమ్మా. పులుసు బాగుంటే ఏ ముక్క ఏ తోటదని ఎవరైనా అడుగుతారా?"

జీపు నడుపుతున్న మస్తాన్ వెనక్కి తిరక్కుండానే, "దోసకాయ చేదైతే అడుగుతారు సార్" అన్నాడు. ముగ్గురం నవ్వుకున్నాం. కొంతదూరం పోయాక ఆయనే అన్నారు. "మీరన్నదీ సబబే. కల్పించింది ఎప్పుడో ఒకప్పుడు బయటపడుతుంది. ఈసారి నిజం మనిషినే చూపిద్దాం."

కథ కల్పించడం కంటే దానిలో ఉన్న వరసే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. ముందు మంచి పిల్లవాడు, తర్వాత సెల్లు, తర్వాత చెడ్డ పిల్లవాడు. నా ఎడమ పేజీల్లో ఆ వరస చాలా అరుదు. ఎక్కువసార్లు చెయ్యి ముందు లేచింది. సెల్లు తర్వాత వచ్చింది.

నాగలక్ష్మి

నాగలక్ష్మి వాళ్ళది గిద్దలూరు వైపు పల్లె. భర్త ఓబులేసు. అతనూ అతని తండ్రీ గొర్రెల మంద మేపుతారు. ఆ అమ్మాయి తల్లిని వెంటబెట్టుకుని వచ్చింది. వెనక గదిలో కూర్చోబెట్టి నేను ఎప్పుడూ అడిగే ప్రశ్నే అడిగాను.

"ఎప్పటి నుంచి కొడుతున్నాడమ్మా?"

"పెండ్లైన మూడో నెల నుంచి."

"అప్పుడు ఎందుకు కొట్టాడు?"

"ఈనే గొర్రె చచ్చిపాయె మేడం. నేను కాలుపెట్టిన యాళ మంచిది కాదని కొట్టినాడు. ఇంకోసారి కూరలో ఉప్పెక్కువైందని. ఇంకోసారి మా నాయన పండక్కి పిలవలేదని."

"అప్పుడు అతని దగ్గర సెల్లు ఉందా?"

"బొత్తాల సెల్లు ఉండె. దాంట్లో పాటలు గూడా రావు. ఈ పెద్ద సెల్లు మొన్న కొన్నె."

తల్లి మోచేత్తో పొడిచింది. "అసలు సంగతి చెప్పు. మేడంకు చెప్పకపోతే గోడకు చెప్తావా?"

నాగలక్ష్మి తల దించుకుంది. "చూస్తాడు మేడం. మందకాడ చూస్తాడు, ఇంటికాడ చూస్తాడు. నన్ను గూడా చూడమంటాడు. వాళ్ళ మాదిరి ఉండమంటాడు. ఛీ అంటే కొడతాడు. ముందు ఉప్పుకు కొట్టె. ఇప్పుడు దీనికి కొట్టె."

ఈ చివరి రెండు మాటలు మీరు ఒకటికి రెండుసార్లు చదవండి. సెల్లు ఓబులేసుకు కొట్టడం నేర్పలేదు. కొట్టడం అతనికి ముందే వచ్చు. కానీ సెల్లు ఒక కొత్త సాకు ఇచ్చింది. ఉప్పుకు తిన్న దెబ్బ గురించి తల్లికి చెప్పుకోవచ్చు. ఈ దెబ్బ గురించి చెప్పుకోవడానికి ఆ అమ్మాయికి నోరు రాలేదు. ఇది కూడా హానే. ఈ రెండూ నిజమే, రెండిటినీ కలిపి పట్టుకోవాలి. ఒకటి వదిలితే తప్పు దారిలో పడతాం.

"నీకేం కావాలమ్మా?" అని అడిగాను.

"నేను ఆ ఇంటికి పోను. కేసు రాపిచ్చండి."

పలకబండ మీద సెల్లు

కేసు రాయించే లోపే ముందు గది నిండింది. ఓబులేసు, అతని తండ్రి, ఊరి పెద్దమనిషి కాశయ్య. కాశయ్య మా ఆఫీసర్ గారి సభకు వచ్చి మొదటి వరసలో కూర్చున్న మనిషి.

"మేడమ్మా, సారు మా ఊళ్ళో ఏం చెప్పినాడు? అది జబ్బంట గదా. జరమొచ్చినోని మీద కేసు పెడతామా?"

తలుపు వెనక నుంచి నాగలక్ష్మి తల్లి గొంతు వచ్చింది. "జరమొస్తే దుప్పటి కప్పుకోని పండుకుంటారు కాశన్నా. పెండ్లాన్ని తన్నే జరం ఏందన్నా అది?"

"నువ్వు ఊరుకోమ్మా, పెద్దోళ్ళం మాట్లాడతాండాం."

నేను చెప్పాను, దెబ్బలు మూడో నెలలోనే మొదలయ్యాయని, అప్పుడు ఈ సెల్లు లేనే లేదని. కాశయ్య ఓపిగ్గా విన్నాడు. "ఏది ముందో ఏది ఎనకో మనకెందుకు తల్లీ? చేతిలో ఉండేది తీసేస్తే సరిపాయె" అన్నాడు. ఆఫీసర్ గారికి ఫోన్ చేశారు. ఆయన కూడా ఒక అవకాశం ఇద్దామన్నారు.

మా పక్క పల్లెల్లో మాట తప్పనని ఒట్టు పెట్టాలంటే కర్పూరం వెలిగించి అరచేత్తో ఆర్పుతారు. మా అందరి ఎదుట ఓబులేసు వాళ్ళ ఊరి గుడి ముందర అదే చేశాడు. తర్వాత సెల్లును నేల మీద పరిచిన పలకబండ మీద పెట్టి చేతికి సుత్తి ఇచ్చారు. అతను సుత్తి ఎత్తేసరికి తండ్రి, "రేయ్, సిమ్ము తీస్కోరా, నంబరు పోతాది" అని కేకేశాడు. జనం నవ్వారు. సిమ్ము తీసి జేబులో వేసుకుని పగలగొట్టాడు. నాలుగో దెబ్బకు ఏడ్చాడు. ఆ ఏడుపు దొంగ ఏడుపని నేను అనుకోను. అక్కడున్న వాళ్ళందరి ముఖాల్లోనూ పెద్ద బరువు దిగిన తేట కనిపించింది.

"పోమ్మా, నీ మొగుడు నీకు దక్కినాడు" అన్నాడు కాశయ్య.

నాగలక్ష్మి నా వైపు చూసింది. ఆమెను ఆపడానికి నా చేతిలో కాగితం లేదు. ఆమె వాళ్ళ వెంట ఆ ఇంటికే వెళ్ళింది.

అవతలి వాదం

అదే కాలంలో కోర్టు దగ్గర ఒక కుర్ర లాయరు నాతో వాదం పెట్టుకునేవాడు. తెలివైనవాడు. "మేడం, ఊరంతా చూస్తోంది. ఊరంతా కొడుతోందా? ఎవడి సెల్లు వాడిది. ఎవరికి నష్టం?" అనేవాడు.

అతని మొదటి సగం నాకు నచ్చింది. చూసినవాళ్ళంతా కొట్టేవాళ్ళే అయితే మా ఆఫీసులో కూర్చోవడానికి చోటు ఉండేది కాదు. రెండో సగం దగ్గర మాత్రం నాకు ఒక డిగ్రీ పిల్ల గుర్తుకొచ్చేది. ఆ అమ్మాయి స్నానం చేస్తుండగా బంధువుల కుర్రాడొకడు వీడియో తీసి నలుగురికి పంపాడు. ఆ నలుగురు ఎంతమందికి పంపారో ఎవరికీ తెలియదు. చూసినవాళ్ళు ఎవరినీ కొట్టలేదు, ఎవరినీ ఏడిపించలేదు. చూసి, అన్నం తిని, పనికి పోయారు. ఆ అమ్మాయి కాలేజీ మానేసింది. బస్సెక్కితే ప్రతి మగవాడూ చూసినవాడేనేమో అనిపిస్తోందని నాతో చెప్పింది. కొన్నాళ్ళకు వాళ్ళు ఊరే మారిపోయారు.

లాయరుకు ఇది చెప్పి, "ఈ నష్టం ఎవరి ఖాతాలో వేస్తావు నాయనా?" అని అడిగాను.

"అది వేరే మేడం. అది నేరం."

"చూసేవాడికి తేడా తెలుస్తుందా?"

అతను ఫైలు చంకలో పెట్టుకుని కోర్టులోకి వెళ్ళిపోయాడు. వాదంలో నేను గెలిచానని ఇది రాయడం లేదు. మా ఆఫీసర్ గారు చూసేవాడు చెడిపోతాడన్నారు. లాయరు చూసేవాడు చెడిపోడన్నాడు. ఇద్దరి వాదంలోనూ ఉన్నది చూసేవాడే. తెర మీద ఉన్న మనిషి, ఇంట్లో ఉన్న మనిషి ఇద్దరి మాటల్లోనూ లేరు. ఏ వాదమైనా విన్నప్పుడు అందులో ఎవరు లేరో ముందు వెతకండి. సాధారణంగా మీ వెనక గదిలో కూర్చున్న మనిషే అయి ఉంటుంది.

సెల్లు పోయాక

నాగలక్ష్మి మళ్ళీ వచ్చింది. ఎడమ చెంప కమిలి ఉంది. ఎడమ వైపు నుంచి పిలిస్తే పలకలేదు. ఆసుపత్రికి తీసుకుపోతే చెవిలో పొర చిరిగిందన్నారు.

"మళ్ళీ సెల్లు కొన్నాడా?" అడిగాను.

"లేదు మేడం. ఒట్టు తప్పలేదు. సెల్లు లేదు."

"మరి?"

"సెల్లు లేదు గదా. అందుకే ఇప్పుడు తప్పు నాదంట. కాశయ్య మామ మా ఇంటికి వచ్చి నన్నే అడిగె. వాని చేతిలో సెల్లు గూడా తీసేస్తిమి, ఇంకా కొడతాండాడంటే నీలో ఏముందో చూసుకోమ్మా అనె."

ఆ సాయంత్రం నేను చాలాసేపు ఆఫీసులోనే కూర్చున్నాను. అన్నిటికీ ఒకే కారణం చెప్పే వాదం ఎంత ప్రమాదమో అప్పుడు అర్థమైంది. ఆ ఒక్క కారణాన్నీ తీసేశాక కూడా దెబ్బ ఆగకపోతే, ఊరు తన వాదం తప్పని ఒప్పుకోదు. ఇంకో కారణం వెతుకుతుంది. దగ్గరలో ఉండేది ఆడమనిషే.

మర్నాడు ఆమెను పోలీసు స్టేషన్‌కు నేనే తీసుకువెళ్ళాను. ఫిర్యాదు రాసే రైటరు మంచివాడే. "బూతు వీడియోలకు బానిసై అని మొదట్లో రాద్దాం మేడం, కేసు బలంగా ఉంటాది" అన్నాడు.

నాగలక్ష్మి కుడి చెవి అతని వైపు తిప్పి విన్నది. "సెల్లు వద్దు సార్. చెయ్యి రాయండి. చెయ్యి వానిదే గదా."

అతను ఆమె చెప్పినట్టే రాశాడు.

నిజం మనిషి

ఆ తర్వాత కొద్ది రోజులకే మార్కాపురంలో పెద్ద సభ పెట్టారు. ఆ ఉదయం హాల్లోకి వెళ్ళేసరికి వేదిక మీద కుర్చీలో ఓబులేసు కూర్చుని ఉన్నాడు. తెల్ల చొక్కా, నూనె పెట్టి దువ్విన తల. ఆఫీసర్ గారిని పక్కకు పిలిచాను.

"సార్, ఆ అమ్మాయి చెవి పోయింది. కేసు కట్టారు. నేను రిపోర్టు పంపాను."

ఆయన ముఖం పాలిపోయింది. రిపోర్టు ఆయన బల్ల దాకా వచ్చిందో లేదో నాకు తెలియదు. హాలు నిండిపోతోంది.

"ఇప్పుడు ఎట్లా ఆపమంటారమ్మా? ఇతని మాట విని పదిమంది పిల్లలు సెల్లు పక్కన పెడితే అది మంచిదేగా?"

"ఆ అమ్మాయికి మంచిది కాదు సార్."

"తర్వాత చూద్దాం" అని ఆయన వేదిక ఎక్కారు.

ఓబులేసు మైకు ముందు నిలబడి, "నన్ను సెల్లు చెడగొట్టినాది. సారు బాగుచేసినాడు. నా చేత్తో నేనే పగలగొట్టినా" అన్నాడు. ఇంతకంటే ఎక్కువ మాట్లాడలేదు. పగలగొట్టాడన్నది నిజం. ఒట్టు నిలబెట్టుకున్నాడన్నదీ నిజం. అందుకే ఆ మాటల్లో అంత బలం ఉంది. పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక వరసలో ఆడవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. శాలువా కప్పారు. మర్నాడు పేపర్లో ఫోటో వచ్చింది.

ఆ ఫోటోను అతని తరఫు లాయరు కోర్టులో దాఖలు చేశాడు. ప్రభుత్వమే సన్మానం చేసిన మనిషి భార్యను కొడతాడా అన్నాడు. వాయిదాలు సాగాయి. నాగలక్ష్మి తండ్రి తిరగలేకపోయాడు. చివరికి పెద్దమనుషుల్లో రాజీ చేసి, కేసు తీసేయించి, విడాకులు ఇప్పించారు. ఆమె కురిచేడులో అన్న దగ్గర ఉంటూ మిషన్ కుడుతోంది. చెవి తిరిగి రాలేదు.

ఆఫీసర్ గారిని నేను చెడ్డవాడనను. బదిలీ అయి వెళ్ళేటప్పుడు, "ఆ విషయంలో మీ మాట వినాల్సింది" అన్నారు. వినాల్సిన రోజున హాలు నిండి ఉంది. అంతే తేడా. మీకూ అలాంటి పై అధికారులు వస్తారు. వాళ్ళ ఉద్దేశం మంచిదే ఉంటుంది. మంచి ఉద్దేశంతో చెప్పే వాదాన్ని ఎవరూ తిరిగి ప్రశ్నించరు కాబట్టి, ఆ పని మీరే చేయాలి. చేసినా చాలాసార్లు ఫలితం ఉండదు. అయినా చేయాలి.

మా ఇంటికి వచ్చిన సంబంధం

నేను రిటైర్ అయ్యాక దర్శి వైపు నుంచి తిరుపతయ్య అనే రైతు, భార్యతో కలిసి మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చాడు. వాళ్ళ అమ్మాయికి సంబంధం వచ్చిందట. తన సెల్లు తీసి పేపర్లో వచ్చిన ఫోటో చూపించాడు. శాలువాతో ఓబులేసు.

"ఈ పిల్లోనికి మీ ఆఫీసే గదా మేడం సన్మానం చేసింది? మీకు తెలిసే ఉంటాదని చెప్పినారు. రెండో పెండ్లే గానీ, బుద్ధిమంతుడంట. ఈ కాలంలో సెల్లు గూడా పట్టుకోడంట."

నాకు తెలిసినదంతా చెప్పాను. మూడో నెల, గొర్రె, ఉప్పు, వీడియోలు, పలకబండ, చెవి. ఏదీ పెంచలేదు, ఏదీ దాచలేదు. తిరుపతయ్య మధ్యలో అడ్డురాకుండా విన్నాడు. ఆయన భార్య నా ముఖం వైపే చూస్తూ కూర్చుంది.

"అదంతా సెల్లు ఉన్నప్పటి మాట గదమ్మా" అన్నాడు ఆయన. "ఇప్పుడు లేదు గదా."

"చెవి పోయింది సెల్లు లేనప్పుడే."

ఆయన ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "అయితే ఆ పిల్లలో గూడా ఏదో ఒకటి ఉండుంటాది లేమ్మా" అని లేచాడు.

ఆయన గుమ్మం దిగి చెప్పులు వేసుకుంటుంటే భార్య నా దగ్గరకు వచ్చి మెల్లగా అడిగింది. "ఆ పిల్ల కురిచేడులో యాడుంటాది మేడం?"

రైలు స్టేషన్ నుంచి ఎలా వెళ్ళాలో, వాళ్ళ అన్న పేరేమిటో చెప్పాను. తల ఊపి వెళ్ళిపోయింది.

రెండు నెలల తర్వాత పెళ్ళి అయిందని విన్నాను. నాగలక్ష్మికి ఫోన్ చేసి, నిన్ను అడగడానికి ఎవరైనా వచ్చారా అన్నాను.

"ఎవరూ రాలేదు మేడం" అంది. "వచ్చింటే చెప్పేదాన్ని."